మైడ్లు ఏడు

సల్వా,
ఆగస్టు చివరి వారం, 1990

యెహోషువన్నా,

నువ్వు సులైబియా యార్డులో బతికే ఉన్నావని పిండి లారీ అన్వర్ బాషా చెప్పినాడు. మేమిక్కడ క్షేమం అని మొదలుపెట్టబోయి ఆపేసినా. ఇరాక్ సైన్యం కువైటులో దిగిన తెల్లారే నా కఫీల్, నాకు వీసా ఇచ్చిన యజమాని, పెండ్లాం బిడ్డల్ని కార్లలో ఎక్కించుకుని సౌదీకి పోయినాడు. గేటు కాడ అద్దం దించి, "ఇల్లు జాగ్రత్త సిద్ధయ్యా, నాలుగు రోజుల్లో వస్తా" అన్నాడు. నా పాస్‌పోర్టు కూడా ఆ కారులోనే పోయింది.

నీకు రాసేది దాని గురించి కాదు. నీది ఓడలరేవు, పుట్టింది సముద్రం ఒడ్డున. నాది రాయచోటి, మాకు నీళ్ళంటే బోరుబావి. బొంబాయిలో ఏజెంటు గదిలో ఒకే చాప మీద పడుకుని వీసా కోసం ఎదురుచూసినప్పుడు నువ్వు రాత్రంతా చేపల సంగతులే చెప్పి నన్ను నిద్రపోనీలేదు. ఆ రోజు విని ఉంటే బాగుండేదని ఈ రోజు అనిపిస్తా ఉంది.

ఇంట్లో బియ్యం మూటలు ఉన్నాయి, వేరే ఏమీ లేదు. అంగళ్ళు ఖాళీ. కఫీల్ సామాన్ల గదిలో గాలాల సరుకు ఉంది. రాడ్లు, రీళ్ళు, రంగురంగుల ప్లాస్టిక్ చేపలు. ఒడ్డు దగ్గరే. కాపలా సైనికులు నన్ను చూసి నవ్వుతారు, ఏమీ అనరు. రోజూ పోతా ఉన్నా. చేప పట్టుకుంటుంది, గుంజుతుంది, పుటుక్కున తెంపుకుని పోతుంది. దారం చుట్టల మీద పది, ఇరవై, ముప్పై, నలభై పౌన్లు అని రాసి ఉంది. ఒక చిన్న చుట్ట మీద లీడర్ అని ఉంది. మాకు తెలిసిన లీడర్లు ఓట్లకు వచ్చేవాళ్ళే. ఈ లీడరు చేసే పనేంది?

చిన్న చేపలతో జరగదు, పెద్దవి కావాల. ఫోను చేయొద్దు, ఎవడు వింటా ఉంటాడో తెలీదు. అన్వర్ బాషా చేతికే ఇయ్యి.

సిద్ధయ్య

*

సులైబియా,
సెప్టెంబరు మొదట్లో

సిద్ధయ్యా,

నీ ఉత్తరం చదివి ముందు గోడకేసి కొట్టాను. తర్వాత తీసి మళ్ళీ చదివాను.

ఏంటయ్యా బాబూ నువ్వు! యజమాని పారిపోయాడు. నీ పాస్‌పోర్టు పట్టుకుని మరీ పారిపోయాడు. వాడి గోడకు నువ్వు కాపలా! వాడు నాలుగు రోజులన్నాడని నువ్వు గేటు దగ్గర కూర్చుని చేపలు పడతావా? మెడ మీద కాడి తీసేసినా ఎద్దు అక్కడే నిలబడుతుంది చూడు, ఆ జబ్బుకు నమ్మకం అని పేరు పెట్టి మన చేత చాకిరీ చేయించారు. చర్చిలో పాస్టరు గారూ అదే చెప్పాడు, ఊళ్ళో కామందూ అదే చెప్పాడు. నువ్వు కొత్తగా నాకు చెప్పకు.

ఇక్కడ మేం ఊరికే లేం. మా యార్డులో మనవాళ్ళందరం కమిటీ కట్టాం. కోల్డ్ స్టోరేజీ యజమాని వదిలేసిన చేపల లారీ ఒకటి బాగుచేశాం. బస్రా దాకా పోతే పాస్‌పోర్టు లేనివాళ్ళకు అక్కడ మన దేశపు ఆఫీసువాళ్ళు కాగితం రాసిస్తున్నారట. దాంతో బాగ్దాదు, అక్కడినించి జోర్డాను, ఆపైన విమానం. వచ్చేయ్. నీ పేరు నేను చెప్పి ఉంచాను.

గాలం సంగతి. చెప్పకూడదనుకున్నాను గానీ, నువ్వు దారం తెంపుకుంటున్నావంటే చేతులు ఊరుకోవడం లేదు.

నీ దారం తెంపేది మాగ. ఇక్కడివాళ్ళు షేమ్ అంటారు. ఇంగ్లీషువాడు ఇండియన్ సాల్మన్ అన్నాడు. అది సాల్మనూ కాదు, ఇండియా నుంచి వచ్చిందీ కాదు, ఈ బురదనీళ్ళలోనే పుట్టి పెరిగింది. అయినా దాని ఇఖామాలో, ఇక్కడ ఉండనిచ్చే కాగితంలో, ఇండియన్ అనే రాశాడు. మాగ నోరు గరుకు కాగితంలా ఉంటుంది. కొరకదు, అరగదీస్తుంది. అందుకే గాలానికీ అసలు దారానికీ మధ్య బారెడు పొడుగున లావుపాటి ముక్క కట్టాలి. అదీ లీడరంటే. ముందుండి నోట్లో పడేది, అరిగేది అదే. (ఓట్లకొచ్చే లీడర్లకు ఆ పేరు ఎవడు పెట్టాడో!) అసలు దారం ఇరవై పౌన్లు, లీడరు నలభై. ఇనప తీగ కట్టకు, చూసి పోతుంది. ముడి బిగించే ముందు ఉమ్మి తడి చెయ్యి, లేకపోతే ఆ వేడికి దారం మాడి అక్కడే తెగుతుంది. సీసం గుండు చిన్నది చాలు. ఉత్తరపు గాలి కొట్టి నీళ్ళు కలకబారిన మర్నాడు, పోటు ఎక్కే వేళ వెయ్యి. ప్లాస్టిక్ చేపలు పిల్లలకిచ్చేయ్. ఒడ్డున తిరిగే చిన్న చేప బతికుండగా గుచ్చితే మాగ ఆగదు.

చేప పట్టు, తిను, వచ్చేయ్. ఆ మూడో పని మర్చిపోకు.

యెహోషువ

*

సల్వా,
సెప్టెంబరు మధ్యలో

అన్నా,

పడింది! నా చెయ్యి పొడుగు ఉంది. ఒడ్డుకు లాగేసరికి నా అంగీ తడిసి, చెప్పు ఒకటి సముద్రంలో పోయింది. గడ్డం కింద పోగులు పోగులుగా ఉన్నాయి దానికి, మా ఊరి సాయిబు తాత గుర్తొచ్చినాడు.

అయితే నీ లీడరు లెక్క తప్పు. రెండోది రాళ్ళ సందుల్లో దూరింది. నలభై పౌన్ల లీడరు తెగలేదు, ఇరవై పౌన్ల అసలు దారం తెగింది. రీలు సగం ఖాళీ. లీడరే తక్కువ బలంది కట్టి ఉంటే అది మాత్రమే పోయేది గదా? ముందుండేవాడిని బలంగా పెట్టి, వెనకుండేవాడి నడుం విరగ్గొడతావేందన్నా? మీ కమిటీలో కూడా ఇదే పద్ధతా?

నా కఫీల్ మీద నువ్వు తిట్టిన తిట్లన్నీ వాడికి తగినవే. కానీ నేను గోడకు కాపలా ఉన్నానని నీకెవరు చెప్పినారు? అడక్కుండానే తిట్టడం నీకు బాగా అలవాటు.

ఇంకొక సంగతి. అన్వర్ బాషాతో అనొద్దు, వాడి నోరు రేడియో. మైడ్లు ఏడు చేరినాయి నా దగ్గర. సిర్దాబులో పెట్టినా, ఇంటి కింది గదిలో. పైన ఉంటే సైనికుల కంట పడతాయి. పెద్దది తిండి ముట్టడం లేదు. చిన్నది ఊరికే ఉండదు, బయటపడాలని ఎగురుతా ఉంది. ఈ ఉక్కలో ఇట్లా మూసిపెడితే ఎన్నాళ్ళు తట్టుకుంటాయి? నాకు దిక్కు తోచడం లేదు. నీకు తెలిసింది రాయి, నువ్వు ఏం చెబితే అది చేస్తా.

సిద్ధయ్య

*

సులైబియా,
సెప్టెంబరు

సిద్ధయ్యా,

శభాష్! కువైటీ పేరు కూడా పట్టేశావే. షర్క్ చేపల బజారులో నేను పెట్టెలు మోసిన రోజుల్లో ఆ చిన్న చేపను మైద్, మైద్ అని అరిచి అమ్మేవాళ్ళు. నువ్వు మైడ్ అని రాశావు, ఫరవాలేదు, రాయచోటి వాడివి ఆ మాత్రం చాలు. మాగకు దాన్ని మించిన ఎర లేదు. మంచి ఎర దొరికినవాడు పక్కవాడితో చెప్పడు, ఆ తెలివి కూడా నీకొచ్చింది.

విను. ఏడింటినీ ఒకే తొట్లో కుక్కకు, ఒకదాని ఊపిరి ఒకటి తాగి చస్తాయి. నీళ్ళు మారుస్తూ ఉండు. తిండి పెట్టి దండగ చేయకు. ముట్టడం మానేసిన పెద్దది ఎలాగూ ఆగదు, ముందు దాన్ని వాడెయ్. ఎగిరే చిన్నదే నీకు బంగారం. వీపు మీద, నడుం విరక్కుండా గాలం గుచ్చి వదులు, అది కొట్టుకునే కొద్దీ మాగ పరిగెత్తుకొస్తుంది. చచ్చినవి పారేయకు. తల కోసి, ఉప్పు రాసి ఎండబెట్టు.

లీడరు మీద నీ వాదన సరదాకి చేపలు పట్టేవాళ్ళ వాదన. తెగితే తెగిందిలే అనుకునేవాడు సన్నది కడతాడు. తిండికి పట్టేవాడికి చేప తప్పిపోకూడదు. రాళ్ళ దగ్గర వేయమని నేను చెప్పానా?

లారీ శుక్రవారం కదులుతుంది. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు కూడా వస్తామని కబురు పెడుతున్నారు. కమిటీ కుదరదంది. ఏ కంపెనీ కాగితమూ లేని ఆడవాళ్ళను ఎక్కించుకుంటే దారిలో ఎవడు జవాబు చెబుతాడని కమిటీలో ఉన్న ఆంజి అడిగాడు, నాకూ సబబే అనిపించింది. ఇది కార్మికుల లారీ. నువ్వు ఇంటి డ్రైవరువే అయినా బండి నడిపేవాడు కార్మికుడే అని వాదించి నీకు చోటు ఉంచాను. నా పరువు తీయకు.

యెహోషువ

*

సల్వా,
ఉత్తరం అందిన రోజే

ఓ యెహోషువన్నా,

నీ ఉత్తరం నేను సిర్దాబులో నిలబడి గట్టిగా చదివినా. వాళ్ళందరూ చుట్టూ కూర్చుని, ఓడలరేవు అన్న ఏదో ఉపాయం రాసుంటాడని చెవులు రిక్కించి విన్నారు.

మైడ్లంటే చేపలు కాదయ్యా! ఖద్దామాలు. పనిమనుషులు. ఆడమనుషులు!

"ముందు పెద్దదాన్ని వాడెయ్" అన్నప్పుడు కుల్సుమ్ బీ నా మొహం చూసింది. యాభై దాటిన మనిషి, పక్కింట్లో వంట చేసేది. తిండి ముట్టడం లేదు అని నేను రాసింది ఆమె గురించే. వీపు మీద గాలం అనే కాడికి వచ్చేసరికి షైని ఏడవాలో నవ్వాలో తెలీక నోట్లో కొంగు కుక్కుకుంది. మీ గోదారి పిల్లే అది. మా రాజంపేట కళావతి మాత్రం లేచి నిలబడి, "ఏందన్నా, ఈయప్ప నా తలకాయ కోసి ఉప్పేసి ఎండబెట్టమంటాడా? ఇంత మర్యాద మా కువైటీ ఇంటామె, ఆ మామా గూడా జేయలేదే!" అనింది. అందరూ పగలబడి నవ్వినారు. వాళ్ళు నవ్వింది విని ఎన్నాళ్ళయిందో నీకు తెలుసా?

ఈ వీధిలో కువైటీలు పోయేటప్పుడు బంగారం తీసుకున్నారు, కార్లు తీసుకున్నారు, పనిమనుషుల పాస్‌పోర్టులు తీసుకున్నారు. పనిమనుషులను మాత్రం వదిలేసినారు. గంగాదేవిని లోపల పెట్టి బయట తాళం వేసి పోయినారు. కిటికీలో గుడ్డ ఊపితే చూసి నేనే తలుపు పగలగొట్టినా. ఇప్పుడు సైనికులు ఇల్లిల్లూ దోచుకుంటా తిరుగుతా ఉన్నారు. ఆడవాళ్ళు కనిపిస్తే ఏమవుతుందో నీకు చెప్పాల్నా? గోడకు కాపలా అంటివి. ఇదీ నా కాపలా. పెద్ద చేప ఎందుకు కావాలన్నానో ఇప్పుడు అర్థమయిందా?

ఏడుగురు అని రాసి ఉంటే అన్వర్ బాషా విప్పి చదివినా మనుషులని తెలిసిపోయేది. చేపల మాటల్లో కలిపేస్తే ఎవడికీ పట్టదనుకున్నా. నీక్కూడా పట్టదనుకోలేదు.

ఇక కార్మికుల లారీ. వండింది పని కాదా? ఇల్లంతా తుడిచింది, ఇంకొకరి బిడ్డలకు ముడ్డి కడిగింది పని కాదా? బాత్రూము కడిగితే ఖద్దామా, పెట్టె మోస్తే కార్మికుడా? నా స్టీరింగు చూసి నన్ను కార్మికుడిని చేసినావే, కళావతి చేతిలో చీపురు నీకు కనపడలేదా? నా సీటు నాకొద్దు. ఆంజికే ఇయ్యి, కాళ్ళు చాపుకుని పోతాడు.

సిద్ధయ్య

*

సులైబియా,
అక్టోబరు మొదట్లో

సిద్ధయ్యా,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయడానికి మొహం చాలక ఆగలేదు, చేతివేళ్ళు వాచి ఆగాను. అది చెబుతాను.

ముందు నా కోపం. రెండుసార్లు, మూడుసార్లు తిరగేశాను నీ మైడ్ల ఉత్తరాన్ని. పెద్దది ముట్టడం లేదు, చిన్నది ఎగురుతోంది. తప్పు ఎక్కడుంది? మగవాడయితే వచ్చాడు అంటాం. ఆడమనిషి వచ్చింది, చేప వచ్చింది, లారీ వచ్చింది. మన భాష ఆడమనిషిని చేపల బుట్టలో వేసి, పైన మూత పెట్టి, వ్యాకరణం అని పేరు రాసింది. ఆ బుట్ట నేను ఇన్నేళ్ళు మోసి, ఊరూరా సమానత్వం గురించి ఉపన్యాసాలిచ్చాను. సరే, ఇది ఇక్కడితో ఆపుతాను. ఏడుస్తూ కూర్చుంటే నీ సిర్దాబు తలుపు తెరుచుకోదు.

నీ ఉత్తరం కమిటీలో చదివాను. పెద్ద గొడవ అయింది. ఓటు పెడితే ఓడిపోయాను. ఆడవాళ్ళను ఎక్కించొద్దన్నారు. శుక్రవారం లారీ కదిలింది. ముత్లా చెక్‌పోస్టు దగ్గర సైనికులు ఆపారు. తలుపు తీసి చూస్తే లోపలంతా మీసాలే. "మీరు ఏ దళం వాళ్ళు? తుపాకులు ఎక్కడ దాచారు?" అని దింపి, వరసగా కూర్చోబెట్టి, వేళ్ళ మీద కొట్టారు. వెనక్కి పంపేశారు. రెండోసారి వెళ్ళాం, రెండోసారీ అంతే. మా కళ్ళముందే ఒక పంజాబీ వ్యాను వచ్చింది. లోపల ఆడవాళ్ళు ఉన్నారు. సైనికుడు తొంగి చూసి, "ఖలాస్, యల్లా" అని, అయిపోయింది పొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు.

ఇప్పుడు చెప్పబోయేది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. నిన్న కమిటీ మళ్ళీ కూర్చుంది. ఆంజి లేచి, "సల్వాలో ఆడోళ్ళు ఉన్నారన్నావుగా, ఏడుగురూ వస్తారేమో అడగరాదా" అన్నాడు. నేను వాణ్ణి కొట్టలేదు. వేళ్ళు వాచి ఉన్నాయి, అంతే.

అడుగుతున్నాను. ఏమంటారో వాళ్ళనే అడిగి రాయి. ఈసారి ఏడుగురు అని రాయి.

యెహోషువ

*

సల్వా,
అక్టోబరు

అన్నా,

వాళ్ళతో చెప్పినా. కళావతి అడిగింది: "అంటే మేం ఎరకు పనికొస్తామని మీ కమిటీకి ఇప్పటికి తెలిసిందా?"

ఇంతలో ఇక్కడ సముద్రం మూసేసినారు. ఒడ్డు పొడుగునా ముళ్ళ తీగ, ఇసుకలో మందుపాతరలు. నిన్న ఒక కుక్క పోయింది. మొన్న పట్టిన షేమ్ చివరిది. ముప్పై పౌన్ల లీడరు కట్టినా, నీ మాటా కాదు నా మాటా కాదు. తెగలేదు. తీగ అవతల నిలబడిన సైనికుడు సగం అడిగినాడు, ఇచ్చినా. పిల్లవాడు, ఆకలి మొహం. వాడి లీడరు వాణ్ణి ఇక్కడ పారేసి మళ్ళీ చూడలేదు.

బియ్యం ఉన్నంతవరకే మా బతుకు. కాబట్టి వస్తామన్నారు. కానీ షరతులు ఉన్నాయి. కళావతి చెప్పింది చెప్పినట్టు రాస్తా ఉన్నా:

"ఆ పెద్దమనుషులకు చెప్పన్నా. ముందర డ్రైవరు పక్కన మాలో ఇద్దరం ఉంటాం. మిగిలినోళ్ళం తలుపు కాడ, గాలి తగిలే చోట. మగోళ్ళు లోపలికి జరగాల. చెకింగు కాడ మాట్లాడేది నేను. ఇన్నేళ్ళు మా మామాతో తిట్లు తిని నేర్చుకున్న అరబ్బీ, వాళ్ళకి ఖలాస్ తప్ప ఏమొచ్చు? బస్రాలో కాగితాలు ముందు మాకు రాయాల. ఖద్దామా అని ఎవురన్నా నోరు జారితే ఆడనే దిగిపోతాం. తర్వాత ఆ సైనికులకు మీ మీసాలు చూపించుకోండి."

నేను రాను. కుల్సుమ్ బీ మోకాలు వాచి మెట్టు ఎక్కలేకపోతా ఉంది, "నన్ను వదిలేసి పోండి బేటా" అంటుంది. లారీ సంగతి తెలిసి వెనక వీధిలోనించి ఇంకో ముగ్గురు వచ్చినారు, ఇద్దరు సిలోన్ పిల్లలు. అందరికీ చోటుండదు, కుల్సుమ్ బీ చోట్లో ఆ మూడో ఆమెను ఎక్కిస్తా, సిలోన్ పిల్లలు నా కాడ ఉంటారు. ఉన్నవాళ్ళకు ఒక మగమనిషి గేటు కాడ కనపడాల. నన్ను తిట్టొద్దు. తిట్టాలనిపిస్తే తిట్టి, లారీ పంపించి, తర్వాత తిట్టు.

సిద్ధయ్య

*

బస్రా,
అక్టోబరు చివర

సిద్ధయ్యా,

చేరాం. అందరం.

ముత్లా దగ్గర సైనికుడు తలుపు మీద తుపాకీతో కొట్టాడు. కళావతి అద్దం దించి వాణ్ణే ఎదురు అడిగింది. మీ అమ్మ ఎక్కడుంటుంది నాయనా, ఉత్తరం రాశావా, ఇంత ఎండలో నెత్తికి గుడ్డ లేకుండా నిలబడితే ఆమె ఏమంటుంది అని. అరబ్బీలో ఏమన్నదో నాకు సగమే అర్థమైంది. వాడు నీళ్ళ సీసా ఇచ్చి పంపాడు. లోపల ఆంజి "తల్లీ" అన్నాడు. వాడి నోట ఆ మాట ఎప్పుడూ వినలేదు.

ఇక్కడ కాగితాలు రాసే గుమాస్తా "ఏం పని?" అని అడిగి, కళావతి చెప్పేలోపే హౌస్‌వైఫ్ అని రాసేశాడు. నేను బల్ల గుద్ది ఉపన్యాసం మొదలుపెట్టాను. ఆమె నన్ను పక్కకు నెట్టి, "అబ్బీ, పెండ్లాం పనికి జీతం ఇయ్యరు గదా, నాకిచ్చినారు, కొట్టేయ్" అంది. కొట్టేశాడు. వర్కర్ అని రాశాడు. ఏడు కాగితాల మీదా అదే మాట. నా ఉపన్యాసం నా దగ్గరే మిగిలిపోయింది.

బాగ్దాదు బస్సు సాయంత్రం. గంగాదేవి, షైని, మిగతా నలుగురూ ఎక్కారు. కమిటీ అంతా ఎక్కింది. కళావతి కనపడలేదు. వెతికితే లారీలో, డ్రైవరు పక్క సీటులో ఉంది. మమ్మల్ని నడిపి తెచ్చిన అన్వర్ బాషా ఖాళీ లారీతో వెనక్కి పోతున్నాడు.

"ఏంటమ్మా, బస్సు అటు!" అన్నాను.

"ఆ ముసిలమ్మనీ, సిలోను పిల్లల్నీ తెచ్చేది ఎవరు? ఈయప్ప ఒక్కడే పోతే చెకింగు దాటతాడా?"

"కాగితం చేతికొచ్చింది. మళ్ళీ ఆ నరకంలోకి పోతే నిన్ను ఎవరు తెస్తారు?"

"మొన్న ఎవరు తెచ్చినారు?" అంది.

వాదించాను. నేను ఎంత వాదిస్తానో నీకు తెలుసు. ఆమె బొట్టు సరిచేసుకుంటూ కూర్చుంది. చివరికి నేనూ ఎక్కబోతే అడ్డం పెట్టింది. "ఈడ కాదన్నా, ఎనక్కాల. నీ కోపం మొగం చూస్తే లారీ తిప్పి పంపిస్తారు."

వెనకే కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే రోడ్డును తిట్టు. ఈ ఉత్తరం నీకిచ్చేది ఆమే. చదవడం తర్వాత, ముందు గేటు తియ్యి.

యెహోషువ